మోటారు షెడ్డులో మాటలు

రా వినీలా, కూర్చో. మనుబోలు మండలం మొత్తంలో మొహం చూసి మనసులో ఏముందో చెప్పగలిగినోడు మీ కామాక్షయ్య తాత ఒక్కడే. నవ్వబాకమే. సరే, నా సొంత తమ్ముడు పెంచలప్రసాద్ మూడేళ్ళు ఎవరికీ వినపడని మాటలు వింటా, వాటికి బదులు చెప్తా ఉంటే, పాటలు పాడుకుంటా ఉండాడనుకున్నా. అదీ నా తెలివి.

ఏందీ, మీ తమ్ముడు ముఖేష్ బాగైపోయినాడు, మాత్రలు ఆపేద్దామా అంటావా? ఆగాగు. అదే జబ్బొచ్చిన మావాడి సంగతి విను. మోటారు షెడ్డులో ఎవరో తిడతా ఉండారని, పైరుకి నీళ్ళు పారతా ఉంటే బయట గోడకుండే ఫీజు పీకేసి పరిగెత్తేవాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టడు, చచ్చేంత భయం. కరెంటు ఉండేదే కాసేపు, నాకు తిక్క రేగిపోయేది! 'గాలి సోకిందిరా, తాయెత్తు కట్టండి' అని మా అమ్మ. కట్టినాం. ఒకటా రెండా, మొలతాడు నిండా. వాడు నడిస్తే గలగల. ఇంగ నేను షెడ్డు వెనక నక్కి, గొంతు మార్చి, 'ఒరే ప్రసాదూ, ఫీజు ముట్టుకోబాక' అన్నా. మధ్యలో పాడు దగ్గొచ్చింది. వాడు తాపీగా, 'అన్నా, ఆడ తేళ్ళుంటాయి, ఇవతలికి రా. నీ మాదిరి వాళ్ళకి దగ్గు రాదు. బావిలో దూకమంటారు, అంతే' అన్నాడు. తెల్లారి నెల్లూరు బస్సెక్కించినా. డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నాడు. ఆ పేరు పలకడానికే నాకు వారం పట్టింది. దయ్యం గాదు, పొగరు గాదు, మెదడుకొచ్చే జబ్బు, తగ్గినా నన్నడక్కుండా మాత్రలు మానబాకండి అన్నాడు.

నాలుగు నెలలకి మనిషి మనిషైనాడు. కాకపోతే పొద్దెక్కిందాకా మత్తు. నాట్లప్పుడు నిద్రేందిమే! సరిగ్గా అప్పుడే మాత్రలు కనపడకుండా పోయినాయి. 'బాగున్నావు గదా, నాట్లైనాక తెచ్చుకుందాంలే' అన్నా. కొన్నాళ్ళకే మళ్ళీ మాటలు. చెవులు మూసుకొని హైవే మీద గూడూరు దాకా నడిచిపోయినాడు. మూడో రోజు దొరికినాడు, కాళ్ళన్నీ బొబ్బలు. డాక్టరు కోప్పడితే, 'అన్న తప్పేం లేదు సార్, నేనే యాడో పారేసుంటా. నా బుర్రని నేనే నమ్మలేను గదా' అన్నాడు. ఆ తర్వాత పాతికేళ్ళు, గుండెపోటుతో పోయిందాకా, రోజూ మాత్రని అరచేతిలో పెట్టి నాకు చూపించి మింగేవాడు. 'చూసినావా అన్నా, వేసుకున్నా' అని.

మత్తుగా ఉంటే డాక్టరుకి చెప్పండి. ఆపబాకండి. ఇది మీ అవ్వకి గూడా తెలీదు... ఆ మాత్రలు వాడు పారెయ్యలేదు వినీలా. నాట్లకి మనిషి కావాలని, షెడ్డులో స్టార్టర్ డబ్బా వెనకాల దాచింది నేనే. వాడు అక్కడికి రాడని తెలిసే.