తల ఊపడం మానేసిన వెంకటరామారావు గారు

1990 జూన్ 11, సోమవారం ఉదయం, బూర్గంపాడు నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన ఒక పాతికేళ్ల యువకుడు, నలిగిన చొక్కాను అరచేత్తో సవరించుకుంటూ శాసనసభ సచివాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరారు. ఆ యువకుడే ఈ మార్చి 31న సంయుక్త కార్యదర్శి హోదాలో పదవీ విరమణ చేస్తున్న మన గౌరవనీయ సహోద్యోగి శ్రీ వెంకటరామారావు గారు. ఇటువంటి వీడ్కోలు వ్యాసం నిదానంగా, నిండుగా రాయవలసినదని నాకు తెలుసు. కానీ ఈ నెలలో మనమంతా కళ్లారా చూసిన సంగతి వల్ల నా మనసు ఆగడం లేదు. కలం అంతకన్నా ఆగడం లేదు.

వారి తండ్రిగారు కోస్తా నుంచి వలస వచ్చి గోదావరి ఒడ్డున మిర్చి పండించిన రైతు. తల్లి బుల్లెమ్మ గారు ఇంట్లో కోస్తా పలుకు విడవలేదు. బడిలో తెలంగాణ పలుకు, సంతలో కోయ పలుకు వింటూ పెరిగిన రావు గారు "నాకు మూడు నోళ్లున్నాయి" అని సగర్వంగా చెప్పుకునేవారు. ఆ మూడో నోటి మీది ధీమాయే వారిని ఒకనాడు ముంచింది. ఆ మునక నుంచే వారు మనకందరికీ ఆదర్శప్రాయులుగా లేచారు.

తొలినాళ్లలో టపా విభాగంలోను, పిదప గ్రంథాలయంలోను పనిచేసి, 2003లో వారు సభా వ్యయ, సేవల కమిటీకి వచ్చారు. ఈ పేరు వారి కుటుంబ సభ్యులకు కొత్త కావచ్చు. ప్రభుత్వం పెట్టే ఖర్చును సభ నిలదీస్తుంది. మరి సభ పెట్టే ఖర్చును ఎవరు నిలదీయాలి? ఈ కమిటీయే. సభ్యుల క్వార్టర్లలో కారే నల్లా మొదలుకొని గ్యాలరీలో విరిగిన కుర్చీ వరకు, సభ తన కోసం చేసుకునే ప్రతి ఖర్చూ, తన గడప తొక్కిన ప్రజలకు చేసే ప్రతి సేవా దీని ముందుకు రావలసిందే. క్యాంటీన్ సాంబారు పలచబడిందని ఒకసారి ఫిర్యాదు వస్తే, రావు గారు దాని మీద నోట్ రాయలేదు. కమిటీ మొత్తాన్నీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అదే సాంబారు వడ్డింపజేశారు. మజ్జిగ రాకముందే తీర్మానం అయిపోయింది!

ఇక అసలు సంగతి. 2019లో, సభకు వినతులు చెప్పుకోవడానికి వచ్చే కోయ ప్రజల కోసం ఒక దుభాషి పోస్టు కావాలన్న ప్రతిపాదన కమిటీకి వచ్చింది. "అవసరం లేదు. ఈ విభాగంలో ఆ భాష తెలిసిన అధికారి ఉన్నారు" అని రావు గారు నోట్ పెట్టారు. ఆ అధికారి ఎవరో వేరే చెప్పాలా? స్వయంగా విని తేలుద్దామని కమిటీ, సిబ్బందిగా నాతో సహా, పర్యటనకు బయలుదేరి భద్రాచలం గెస్ట్‌హౌస్‌లో కూర్చుంది. అంతకు ముందు ఏడాది పట్నం వచ్చి వినతి చెప్పుకుని వెళ్లిన ఎర్రమ్మ అనే అడవి పల్లె పెద్దావిడను మొదట పిలిచారు. డిగ్రీ చదువుతున్న మనవరాలు కళావతి వెనుక వరుసలో కూర్చుంది.

ఎర్రమ్మ లేచి, ఒక్కొక్కరి ముఖం పరికించి, తన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడింది. కమిటీ అధ్యక్షుల పక్కన ఆసీనులైన రావు గారు గంభీరంగా తల ఊపారు. వారిని చూసి అధ్యక్షులు ఊపారు. అధ్యక్షులను చూసి సభ్యులందరూ ఊపారు. ఎర్రమ్మ సంచి భుజానికి తగిలించుకుని గది దాటి వెళ్లిపోయింది.

"ఏందయ్యా రావూ, ఏమన్నది? ఎటు పోయింది?" అన్నారు అధ్యక్షులు.

"వాగు సంగతేదో చెప్పింది సార్... బహుశా..."

వెనుక నుంచి కళావతి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక అంది: "వాగు కాదు సార్. 'నా మాట మీకెవ్వరికీ సమజ్ కాలే గదా, ఇగ నేను ఇంటికి పోవాల్నా' అని అడిగింది. అందరు అవ్ అని తలకాయ ఊపిండ్రు. పోయింది."

కమిటీ ఘొల్లున నవ్వింది. రావు గారు నవ్వలేదు. చెప్పులైనా తొడుక్కోకుండా రోడ్డు మీదికి పరుగెత్తారు, వెంట నేనూ కళావతీ. ఆటో కోసం నిలబడిన ఎర్రమ్మ ముందు చేతులు జోడించి, "అవ్వా, తప్పైంది. లోపలికి రా" అన్నారు. ఆమె ఏదో చెప్పింది. కళావతి నవ్వు మాయమైంది.

"పోయినేడు పట్నంల గూడ గిట్లనే ఊపిండ్రంట సార్. అప్పుడు వాగు మీద వంతెన అడిగింది. అంత పెద్దోళ్లు తల ఊపిండ్రు, వంతెన వస్తదని ఊరంతా చెప్పుకున్నది. వానలకు వాగు వచ్చింది గని వంతెన రాలే. ఊళ్లె అందరు అవ్వను అబద్ధాలకోరంటున్నరు. అందుకే ఇయ్యాల మీకు పరీక్ష పెట్టింది."

"నాకు సున్నా వచ్చిందని చెప్పమ్మా" అన్నారు రావు గారు. ఎర్రమ్మ, కళావతి చెప్పేదాకా ఆగి, అర్థమయ్యాక నవ్వింది. వెనక్కి వచ్చింది.

కమిటీ ఎదుట నిలబడి రావు గారు అన్న మాటలు నేటికీ నా చెవిలో ఉన్నాయి. "ఆ నోట్ నాదే సార్. మిరపకాయల బేరానికి సరిపోయే భాషతో మనిషి గోడు వింటానని రాసిన. దాన్ని వాపసు తీసుకుంటున్న. పోస్టు కావాలె." ఆ రోజు ఎర్రమ్మ మాట ప్రతి ఒక్కటీ కళావతి నోట విన్నారు. ఆనాటి నుంచి, పూర్తిగా అర్థం కాని మాటకు వారు తల ఊపగా చూసినవారు మన కార్యాలయంలో లేరు.

అయితే తీర్మానం వేరు, పద్దు వేరు. ఏటా సభ బడ్జెట్ అంచనాల్లో రావు గారు ఆ పోస్టు చేర్చడం, పైవారు కొట్టివేయడం ఆనవాయితీ అయింది. కరోనా కాలంలో కమిటీ సమావేశాలే లేవు, అధ్యక్షులు మారారు. "వచ్చేది నలుగురు, వాళ్లకొక పోస్టా?" అని ఒక పెద్దాయన వెటకారమాడితే, "నలుగురే ఎందుకు వస్తున్నరు, అదే నేను అడిగేది" అని బదులిచ్చారు. విరమణ దగ్గరపడేకొద్దీ వారిలో ఆత్రం పెరిగింది. "నేను పోయినంక ఈ ఫైలు బీరువా మీదికి ఎక్కుతది" అనేవారు. ఆ భయం నిరాధారమైనది కాదని మనకందరికీ తెలుసు.

వారి సర్వీసులో ఆఖరి అంచనాల సమావేశం మొన్న జనవరిలో జరిగింది. అధ్యక్షులు ఆ పద్దు చదివి "అభ్యంతరం లేదు గదా?" అన్నారు. బల్ల చుట్టూ తలలు ఊగాయి. మరొకరైతే సంబరంగా రాసేసుకునేవారు. రావు గారు లేచి, "క్షమించాలి సార్. తలలు వద్దు. నోటితో చెప్పించండి" అన్నారు! అధ్యక్షులు చిరునవ్వుతో కుడివైపు చూశారు. "సమ్మతం" అన్నారొకరు. "సమ్మతం." "సమ్మతం." బల్ల చుట్టూ తిరిగి ఆ మాట మళ్లీ అధ్యక్షుల దగ్గరికి వచ్చి ముగిసింది. ఈసారి పైవారూ కొట్టివేయలేదు. ఏడేళ్ల ఫైలు గట్టెక్కింది!

ఫిబ్రవరిలోనే పెట్టిన పరీక్ష రాసి, తొలి దుభాషిగా ఎంపికైనది ఎవరో మీరు చూశారు. ఈ నెలలో వినతుల మందిరంలో, అద్దాల గదిలో కళావతి కూర్చుంది. ఎదురుగా ఎర్రమ్మ, ఊరి పెద్ద దూలయ్య. ఆనాటి విచారణ వల్ల మంజూరైన వంతెనకు స్తంభాలు లేచాయి, స్లాబు పడలేదు. ఎప్పుడు వేస్తారని ఎర్రమ్మ తన భాషలో అడిగింది. హెడ్‌ఫోన్లలో కళావతి గొంతు విని, ఇంజనీరు గారు "మే నెలాఖరు లోపల" అని నోరారా చెప్పారు, అది రికార్డుకెక్కింది. దూలయ్య ఎర్రమ్మ వైపు తిరిగి దండం పెట్టాడు. వెనుక కుర్చీలో రావు గారు, కళావతి చివరి మాట ముగిసేదాకా కదలకుండా ఉండి, అప్పుడు తల ఊపారు. చాలాసేపు ఊపారు.

వారి అర్ధాంగి శ్రీమతి సుజన గారి ఫిర్యాదు ఒకటి ఇక్కడ నమోదు చేయక తప్పదు: "ఆఫీసులో మానేసిందంతా ఇంట్లో చేస్తారండీ. తల ఊపుతారు, ఏం చెప్పానంటే తెలియదు." ఇకపై తీరిక పుష్కలం గనుక ఈ సేవాలోపం కూడా సవరించబడుతుందని ఆశిస్తున్నాము.

రావు గారూ, ఈ సాయంత్రం మీ సన్మాన సభకు ఎర్రమ్మ వస్తోంది. తన భాషలో మిమ్మల్ని దీవిస్తుంది. మీరు ఆరోగ్యంగా, సుజన గారితో కలకాలం చల్లగా ఉండాలని, ఆ కొత్త వంతెన మీద నడిచి తన ఊరికి రావాలని ఆమె చెప్పబోయే మాట మాకు ముందే తెలుసు, ఎందుకంటే మేమందరం కోరేదీ అదే. కాబట్టి ఈ ఒక్కసారికి కళావతి చెప్పేదాకా ఆగకండి సార్. తల ఊపేయండి.