కొట్టి చూడని మాట

సర్వర్ గది చూసుకునే అమ్మాయి తలుపు దగ్గరగా వేసి, అదే ఆఫీసులో స్టోర్ చూసే పెద్దాయనకు కుర్చీ జరిపింది. ఆమెకు ఈ పని నేర్పి, ఈ మధ్యే కన్నుమూసినావిడ ఆయన భార్య.

“బాబాయ్, లాగ్‌లో చూశాను. ఎవరో రోజూ పిన్ని పేరుతో డేటాబేస్‌లోకి రావాలని చూస్తున్నారు. ప్రతిసారీ పాస్‌వర్డ్ తప్పని పడుతోంది. ఆ కంప్యూటరు మీ స్టోర్‌లోదే.”

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టేశావు తల్లీ.”

“మీకేం కావాలో నన్నడిగితే తీసిచ్చేదాన్నిగా?”

“లోపల ఉన్నవేవీ నాకొద్దు. ఆ మాట కావాలి. రోజూ పొద్దున్నే ఇక్కడ కూర్చుని మీ పిన్ని ఏ మాట కొట్టేదో తెలిస్తే చాలు.”

“అది నాకూ కనిపించదు బాబాయ్. ఇప్పటిదాకా ఏమేం కొట్టారు?”

“పిల్లదాని పేరు, మా అత్తగారి పేరు, మేం మొదట కాపురమున్న వీధి పేరు. చివరికి పిల్లి పేరు కూడా.”

“ఆ అకౌంట్ ఇవాళ తీసేయమన్నారు. ఇంకొక్కసారి ఇక్కడే చూడండి. పిన్ని మిమ్మల్ని ఏమని పిలిచేది?”

ఆయన కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు. కాసేపటికి వెనక్కి తీసుకున్నాడు.

“అదొక్కటే కొట్టలేదమ్మా.”

“ఎందుకని?”

“అదీ తప్పని వస్తే?”

ఆయన కుర్చీలోంచి లేచాడు.

“తీసేయ్ తల్లీ. అదే అయ్యుంటుందనుకుంటూ ఇంటికి వెళ్తాను.”