డాగ్

కెల్లీవిల్‌లో ద్వారకానాథ్ ఇల్లు. శనివారం మధ్యాహ్నం డ్రైవ్‌వేలో తండ్రీ, కొడుకు రిషీ. రిషి కారు బానెట్ మీద నల్ల మార్కర్‌తో ‘డాగ్’ అని ఇంగ్లీషులో రాసి ఉంది.

“చెరపకు! పోలీసులు చూడాలి. మన కారు మీద కుక్క అని రాస్తాడా వెధవ! ఇన్నేళ్లుగా టాక్స్ కడుతున్నాన్రా ఈ దేశానికి!”

“పోలీసులొద్దు నాన్నా. ఇది రేసిజం కాదు.”

“మరేంటి, ముద్దుగా రాశారా?”

“రాసింది కౌశల్.”

“ఏ కౌశల్? మన రాధాకృష్ణ కొడుకా? చిన్నప్పట్నుంచీ మనింట్లో పెరుగన్నం తిన్నవాడా?”

“వాడే. లీవ్ ఇట్, ప్లీజ్.”

“ఎందుకు వదలాలి? పద, వాళ్లింటికే పోదాం. నిన్ను కుక్క అంటాడా! అసలు మనవాళ్లు విశ్వాసం అంటే కుక్కనే చెప్తారు, వాడికేం తెలుసు?”

“ఇక్కడ డాగ్ అంటే వేరు నాన్నా. నమ్మిన ఫ్రెండ్‌ని పట్టిచ్చేవాడు.”

“దానికి ర్యాట్ అంటారుగా? మా ఆఫీసులో ఒకణ్ణి అలాగే అంటారు.”

“ర్యాట్ అంటారు, స్నేక్ అంటారు. డాగ్ అన్నిటికంటే ఘోరం. డాగ్ అన్నాక ఇంక మాట్లాడరు.”

“నువ్వేం పట్టిచ్చావురా వాణ్ణి?”

“వాడు మెడిసిన్ మానేసి ఎలక్ట్రీషియన్ పనిలో చేరిన సంగతి వాళ్ల నాన్నకి తెలిసిపోయింది. ఎవరు చెప్పారో ఆయన చెప్పట్లేదు. కానీ కౌశల్ ఆ మాట చెప్పింది నాకొక్కడికే.”

“...ఓహో.”

“నేను చెప్పింది నీకొక్కడికే. ఒట్టేయించుకుని మరీ.”

“ఏమో, మనవాళ్లలో ఏ సంగతి దాగుతుంది? ఏ వాట్సాప్ గ్రూపులోనో...”

“ఇలా జారుకునేవాణ్ణి వీజిల్ అంటారు.”

“రేయ్! తండ్రినిరా నేను!”

“రామానుజం అంకుల్ వాళ్ల గృహప్రవేశం నుంచి ఇంటికెళ్లగానే అడిగాడట వాళ్ల నాన్న. అక్కడేమన్నావ్?”

“ఏమంటాను? పులిహోర బాగుందన్నాను.”

“నాన్నా.”

“ఆ, అన్నాను! వ్రతం ప్రసాదం చేతిలో పెట్టుకుని, అందరి ముందూ ‘మావాడు డాక్టర్, మీ రిషికి పాపం మార్కులు రాలేదుగా’ అన్నాడు ఆ రాధాకృష్ణ. నిన్ను పాపం అంటే నాకు ఒళ్లు మండదా? పక్కకి పిలిచి, ‘మీ డాక్టర్ వైర్లు లాగుతున్నాడు, చూసుకో’ అన్నాను. నీకోసమే అన్నాను!”

“నాకోసమా? వాడి బట్టలు తీసుకెళ్లి బిన్ పక్కన పడేశాడు వాళ్ల నాన్న. అదీ నాకోసమేనా? వాళ్లమ్మ వీణ ఆంటీ ఏడుస్తూ నిలబడిందట. అప్పట్నుంచీ వాడు పనికెళ్లే వ్యాన్‌లోనే పడుకుంటున్నాడు!”

“రాధాకృష్ణ అంత పని చేస్తాడనుకోలేదురా... సిగ్గుతో నా పేరు చెప్పుండడు. సరే, కౌశల్‌తో నేనే మాట్లాడతా. నోరు జారింది నేనని చెప్తా.”

“చెప్పకు.”

“అదేంట్రా?”

“నీ ఫోన్ మోగుతోంది. వాడే. వాళ్ల నాన్నకి నచ్చజెప్పమని నిన్ను అడుగుతానని ముందే అన్నాడు. ఎత్తు.”

“నన్నా? మన కారు మీద ఇలా రాసి, నన్నే అడుగుతాడా?”

“చెప్పింది నేనేనని వాడి దగ్గర ఒప్పేసుకున్నా నాన్నా. వాడు నమ్మే మనిషి ఇంక నువ్వొక్కడివే.”