నెమలి మార్కా

హలో… ఆ, నేనే వదినె, దశరథాన్ని. పాలమూరు నుంచి…

అంత మంచిదే. జర గట్టిగ మాట్లాడు, మీ దిక్కు మిల్లు చప్పుడుకు ఇనవడ్తలేదు… ఆ.

ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పాలె. చేనేత సొసైటీ చీరల మీద అంటించే నెమలి మార్కాకు కొత్త బొమ్మ ఎవరిచ్చిన్రు?…

నువ్వా! నీకెక్కడిది?…

రాజమన్న పోయి ఆర్నెల్లాయె. బొమ్మ కింద ‘రాజం–దశరథం’ అని మా ఇద్దరి పేర్లున్నయ్. మా దుకాణంల బొమ్మ ఏసుడు అన్న పని, అక్షరాలు రాసుడు నా పని, నేనైతే రాయలె. మరి బొమ్మ ఎవరేసిన్రు, పోయినోడు లేచొచ్చి ఏసిండా?…

ఏడ్వకు. ఏడిస్తే నాకేం సమజైతది?… సొసైటీ ఆఫీసులనే ఉన్న. సెక్రటరీ గండయ్య నా ఎదురుంగనే కూసున్నడు, ‘గిది మీదేనా, దొంగదా’ అని అడుగుతున్నడు. దొంగదంటే ఇంక నిన్ను గడప తొక్కనియ్యరు.

మీ తమ్ముడు గిట్ట ఏసిండా… కాదా?… మీ జడ్చర్లల ఎవరన్నా…

ఏందీ? మల్లొక్కసారి చెప్పు.

నువ్వేసినవా.

అబద్ధం. గా మెడ ఒంపు రాజమన్నకు తప్ప ఎవ్వలికి రాదు. ఇన్నేండ్లు పక్కన కూసోని పనిజేసినోన్ని, నాకు తెల్వదా?…

అన్నకు చెయ్యి వణుకుడా? ఎప్పటి సంది?…

బీడీల లేబుల్ కాడి సందా! గప్పటి సందే గదా, బొమ్మలు ఇంటికి తీస్కపోవుడు వెట్టిండు. ఇంకో దుకాణంతోని చేతులు కలిపిండేమోనని నాకు అప్పుడే అనుమానం…

అంటే… గా లేబుల్ జూసి, ‘అన్నా, నీ చెయ్యి ఇంకింత పదునెక్కింది’ అన్న. నవ్వి ఊకున్నడు.

గది నీ చెయ్యి.

మరి నాకెందుకు చెప్పలె?…

నేనా? నేను జోడి ఇడిసిపోతనని భయపడ్డడా… అన్న గట్లనుకున్నడా?

నువ్వన్న చెప్పకపోతివి… ఎట్ల చెప్తవులే. ఇప్పుడు నేనడిగిన తీరు జూస్తివి గదా.

పెట్టెయ్యకు, ఒక్క నిమిషం… గండయ్య సారూ! దొంగది కాదు, మా దుకాణందే. కానీ అప్పుడే అచ్చుకు పంపకుండ్రి. కింద ఒక పేరు తక్కువైంది. రాసిస్త.

వదినె, ఇన్నవా?… వద్దనకు. రాజమన్న పేరు యాడికి పోదు, గట్లనే ఉంటది. దాని పక్కన నీది.

వదినె… నీ పేరేంది?

కాదు, ఎగతాళి కాదు. వదినె, వదినె అనుడే గానీ, ఎన్నడు అడగలె…

లక్ష్మీ… నర్సమ్మ. ఆ. మంచిది, పెడుతున్న.