ఇంటి పక్క సందులో చర్చి

నర్సీపట్నంలో నెట్ సెంటర్, 2005. చర్చి జూబిలీకి సైటు తయారుచేస్తున్న భార్య వెనక భర్త నిలబడి చూస్తున్నాడు.

“మొదటి పేజీ రంగుల్తో మెరిసిపోతంది. పాటల పేజీలో ఏటి, వట్టి అక్షరాలే ఉన్నాయి? పాస్టరుగారు వొచ్చేత్తారు!”

“రెండిటికీ టెంప్లేటు ఒకటేనండీ, అందులో రాసిన దారీ ఒకటే. పాటల పేజీ లోపలి ఫోల్డర్లో ఉంది కదా, రంగులున్న స్టైల్‌షీట్‌ని అక్కడే వెతుక్కుంటంది. దారి సైటు మొదలు నుంచి సెప్పాల. ముందర ఒక స్లాష్ పెడితే సాలు. ఇదిగో.”

“అబ్బ, వొచ్చేసినాయి! ఇంత బేగి ఎలా పట్టేసేవే?”

“మన పెళ్ళికార్డు గుర్తొచ్చిందండి.”

“కార్డేటి?”

“‘ఇంటి పక్క సందులో చర్చి’ అని మీ ఇంటిని బట్టి రాయించేరు కదా. అదే కార్డు మావోళ్ళకీ పంచేం. వాళ్ళు కోటవురట్లలో మా ఇంటి పక్క సందంతా వెతికేరు.”

“ఓసోసి! మీ పెదనాన్నగారు భోజనాల వేళకి వొచ్చింది అందుకేనా!”