అక్క పంచిపెట్టిన పొద్దు

వేదిక మీదున్న పెద్దసారుకీ, నా చేతిలో మైకు చూడగానే కళ్లు మూసుకున్న హెడ్డు నర్సమ్మగారికీ, ముందు వరుసలో కూర్చున్న మా బావకీ, తలుపు దగ్గర చేరి సగంలో జారుకుందామని చూస్తున్న ఇస్త్రీ సెక్షను మిత్రులకీ, అందరికీ నమస్కారం. తలుపుకి గడియ పెట్టించాను. నిశ్చింతగా కూర్చోండి. (నవ్వులు)

నేను ఏడో తరగతితో బడికి మేలు చేసి బయటికొచ్చినవాణ్ణి, పెద్ద మాటలు రావు. ఈ ఆస్పత్రి లాండ్రీలో మిషన్లు నడుపుతాను. మా సూపర్వైజరు, అంటే మా అక్క, ఇవాళ రిటైరవుతోంది. నా తోడబుట్టింది కాదు. అయినా ఆవిడ తిట్టినంత చనువుగా నా తోడబుట్టినవాళ్లు కూడా నన్ను తిట్టలేదు.

బయటివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. మా లాండ్రీలో గోడ గడియారం ఉంది గానీ దాన్నెవరూ చూడరు. మిషన్లో దుప్పట్లు వేసి మూత బిగించిన దగ్గర్నుంచి మళ్లీ మూత తీసేదాకా పట్టే సమయాన్ని 'ఒక ఉతుకు' అంటాం. మా లెక్కంతా దాంతోనే. ఇదిగో, ఈ ఇస్త్రీ మిత్రుడి భార్యకి నొప్పులొచ్చినప్పుడు, 'ఎంతసేపటి నుంచయ్యా?' అని డాక్టరమ్మ అడిగితే, 'రెండు ఉతుకులూ ఒక ఆరబెట్టడమూ అయిందండీ' అన్నాడు. డాక్టరమ్మ పాపం పేషెంటుని వదిలేసి వీడి నాడి పట్టుకుంది. (నవ్వులు) తలొంచుకుంటావేం నాయనా, బిడ్డ బంగారంలా పుట్టిందిగా!

ఆ ఉతుకులతోనే అక్క మా రోజులు నడిపింది. పొద్దున్నే మొదటి మిషను తిరగడం మొదలవగానే ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, 'ఇవాళ నీకు తప్పని పనేంటి? ఒక్కటే చెప్పు' అనేది. ఒకరు తల్లిని కళ్ల డాక్టరుకి చూపించాలి, ఒకరు కూతురి బడిలో టీచరమ్మని కలవాలి, ఇంకొకరు అలిగిన పెళ్లాన్ని బుజ్జగించాలి. అక్క ఎవరి పని ఎవరికి సర్దేదో, ఎవర్ని బతిమాలేదో, ఎవర్ని బెదిరించేదో గానీ, అడిగినవాళ్లకి ఒక ఉతుకు దొరికేది, ఆపరేషన్ల గదికి గుడ్డలు మాత్రం ఒక్కనాడూ ఆలస్యంగా వెళ్లలేదు. హెడ్డు నర్సమ్మగారు తల ఊపుతున్నారు. ఆవిడ నా మాటకి తల ఊపడం ఇదే మొదలు!

నేను ఊరుకుంటానా? ఒకరోజు నా వంతు రాగానే, 'నాకు తప్పని పని నిద్రే అక్కా' అన్నాను. తిడుతుందనుకున్నా. నా మొహంలోకి చూసి, 'సరే పడుకో' అని, అప్పుడే ఆరి వెచ్చగా ఉన్న దుప్పట్ల కుప్ప చూపించి, 'ఎవరూ చప్పుడు చెయ్యకండి, తమ్ముడు పడుకున్నాడు' అని అందరికీ చెప్పి, నా మిషను దగ్గర తనే నిలబడింది. అంతమందీ మునివేళ్ల మీద నడుస్తుంటే కన్ను మూతపడుతుందా? దొంగనిద్ర ఎంత కష్టమో ఆవేళ తెలిసింది. (నవ్వులు)

మరి అక్కకి తప్పని పనేంటి?

అది ముందు వరుసలో కూర్చునుంది. మా బావ లారీ నడిపేవాడు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నమిలి మింగేవాడు. చూపు పోయినప్పుడు, 'నేను చదివి వినిపిస్తాలే' అని అక్క మాటిచ్చింది. తప్పలేదు, రోజూ చదువుతుంది. ఎలా? ఒక చెప్పు కాలికీ, ఒక చెప్పు చేతిలోనూ, గుమ్మంలో నిలబడి హెడ్డింగులు. అంతే! ఎక్కడో వంతెన కూలిందని బావకి తెలుసు, ఎందుకు కూలిందో తెలీదు. బ్యాంకులో దొంగలు పడ్డారని తెలుసు, దొరికారో లేదో తెలీదు. మిగతాది ఆయనే అల్లుకుంటాడు. ఇంజినీరుకీ అతని మామగారికీ పడకపోవడం వల్లే వంతెన కూలిందని నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. నేను నమ్మి నలుగురికీ చెప్పాను కూడా! (నవ్వులు) 'పేపర్లో ఏముందో అక్కనడగొచ్చుగా బావా' అంటే, 'మీ అక్కకి తీరికేదిరా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మా అందరి పనులూ రోజులో ఇరికించిన మనిషికి తన పని ఒక్కటే పట్టలేదు. అది తలుచుకుంటే నాకు... (మైకు తట్టి) ఏం లేదు, మైకు బాగాలేదు.

ఇప్పుడు అసలు మాట. పెద్దసారూ, కోప్పడకండి. వచ్చే నెల నుంచి పొద్దున పూట వచ్చి కొత్తవాళ్లకి పని నేర్పమని మీరు అక్కని అడిగారట. అక్క 'చూద్దాం' అందట. అక్క 'చూద్దాం' అంటే వచ్చేసినట్టే, ఎవర్నీ కాదనలేని నోరది. కొత్తవాళ్లకి మేం నేర్పుతాం సారూ. నాలాంటి మొద్దుకే పట్టుబడిన పని వాళ్లకి రాదా? ఆ పొద్దున పూట మాత్రం అడక్కండి.

అక్కా, ఇంతమంది ముందు మొహమాటపెడుతున్నానని తర్వాత తిట్టుకో. సారుకి ఏం చెప్తావో ఇప్పుడే చెప్పు. అదిగో, తల అడ్డంగా ఊపుతోంది! చప్పట్లాపండి, ఆపండి. తల ఊపితే బావకెలా తెలుస్తుందక్కా? నోటితో చెప్పు. ఇదిగో మైకు.

(అక్క: "రాలేను సారూ. పొద్దున పూట ఈయనకి పేపరు చదవాలి. మొత్తం.")

విన్నావా బావా? నల్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, మసకబారాయట. ఎవరూ నవ్వకండి. సారూ, మీరు పెద్ద మనసుతో సరేనన్నారు, మీకు దండాలు. నా వాగుడు భరించిన అందరికీ దండాలు. ఫొటోలు తొందరగా కానిచ్చి వీళ్లిద్దర్నీ ఇంటికి పంపించండి, ఇవాళ్టి పేపరు ఇంకా మడత విప్పలేదట. నేను దిగుతున్నాను, సెలవు.