బిస్కెట్టు ఆట

పో నది ఒడ్డున చిన్న ఊరు, దాని ఫుట్‌బాల్ క్లబ్బు బోర్గోసెర్రా. నాలుగో అంచె లీగులో ఈ ఏడాదికి ఆఖరి ఆట, కాస్తెల్‌వేరో జట్టుతో. సగం ఆట అయింది; లెదెస్మా కొట్టిన ఒక్క గోలుతో బోర్గోసెర్రా ముందుంది. స్నానాల గదిలో ఇద్దరే ఉన్నారు: ఆటగాళ్ళు ‘మిస్టర్’ అని పిలిచే కోచ్ బ్రుగ్నోలి, గోల్‌కీపర్ తుల్లియో. మాటలు బయటికి పోకుండా కోచ్ షవర్లన్నీ తిప్పి వదిలాడు.

“ఆ లెదెస్మాకి ఎవరూ చెప్పలేదా మిస్టర్?”

“ఎందుకు చెప్పలేదు? నేనే చెప్పాను. ఇవాళ బిస్కెట్టు ఉందిరా అన్నాను. థాంక్స్ మిస్టర్, ఇప్పుడే తిన్నాను అన్నాడు.”

“అర్జెంటీనా వాడికి మన బిస్కెట్టు సంగతి ఏం తెలుసు? రెండు జట్లూ కూడబలుక్కుని ఆట సమం చేసుకోవడమని విడమరిచి చెప్పాలి.”

“నవ్వకు తుల్లియో.”

“నవ్వట్లేదు. గోల్ బాగా కొట్టాడు అంటున్నా.”

“బాగానే కొట్టాడు, మన నెత్తిన కొట్టాడు! కాస్తెల్‌వేరో కోచ్ ఇప్పుడే మెట్ల దగ్గర నా కాలరు పట్టుకున్నాడు. సమంగా ముగిస్తే వాళ్ళూ మనమూ బతుకుతాం, మొంతార్సో వాళ్ళు కింది లీగుకి పోతారు. ఇలాగే ముగిస్తే పోయేది కాస్తెల్‌వేరో.”

“పోనీండి. మనం గెలుస్తున్నాం కదా.”

“గెలుస్తున్నామా? వాళ్ళు ఇంతసేపూ నడిచారు నాయనా, పరిగెత్తలేదు. ఇప్పుడు పరిగెడతారు. రెండు కొట్టారంటే పోయేది మనం. మనం పోతే క్లబ్బుకి తాళం వేస్తానన్నాడు ప్రెసిడెంటు. నువ్వూ విన్నావు.”

“విన్నాను.”

“అందుకని...”

“అందుకని?”

“నీకు తెలుసు.”

“తెలీదు. మీ నోటితో చెప్పండి.”

“ఒకటి వదిలెయ్.”

“ఏంటి వదిలేది?”

“బంతి, తుల్లియో, బంతి! కార్నర్ కొడతారు, నువ్వు ముందుకొస్తావు, చేతుల్లోంచి జారుతుంది. అందరికీ జారుతుంది.”

“నాకు జారదు.”

“ఈ ఒక్కసారి జారనీ.”

“నా బదులు ఆ రెండో కీపర్ దెనిస్‌ని దింపండి. వాడికి రోజూ జారుతుంది.”

“దెనిస్ వాళ్ళ నాన్న పోలీసు. మతి ఉండే అంటున్నావా?”

“ఈ ఊళ్ళో నాకు మిగిలింది ఒక్కటే మిస్టర్. తుల్లియో అమ్ముడుపోడు అంటారు.”

“అమ్మకం ఎక్కడిది? ఎవడూ ఏమీ ముట్టలేదు. బతకడానికి! ఆ గదిలో కూర్చున్న వాళ్ళలో ఒక్కడికైనా వేరే క్లబ్బు నుంచి పిలుపుందా? కెప్టెన్ పెళ్ళానికి నెలలు నిండాయి. ఎక్కడికి పోతాడు వాడు?”

“ఆపండి.”

“బతిమాలుతున్నాను.”

“ఆపండి అన్నాను. సరే.”

“సరే అంటే?”

“సరే అంటే సరే. కార్నర్ రానీండి.”

“మాటేనా?”

“మాటే.”

“హమ్మయ్య! బతికించావు. ఆ వెధవ కొట్టకపోతే నీతో ఇంత గొడవే లేదు. పోయిన ఏడాది ఎంత సాఫీగా జరిగిపోయింది! నీకు చెప్పాల్సిన పనే పడలేదు.”

“పోయిన ఏడాదా?”

“పద, రెఫరీ పిలుస్తున్నాడు.”

“పోయిన ఏడాది ఏ ఆట?”

“ఏదో ఒకటిలే. చేతి తొడుగులు వేసుకో.”

“కాస్తెల్‌వేరోలో, వానలో ఆడాం. అదా?”

“టైమయింది తుల్లియో.”

“అదేనా?”

“అదే అనుకో. ఇప్పుడెందుకు?”

“సున్నా సున్నా.”

“అవును, సున్నా సున్నా. అయితే?”

“మా మిరెల్లా చనిపోయిన ఆదివారం అది.”

“తుల్లియో...”

“ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాను. నా భార్యకి బాలేదు, రాలేను మిస్టర్ అన్నాను. నువ్వు లేకపోతే మునిగిపోతాం, ఆడేసి వెళ్ళిపో అన్నారు.”

“ఆమె ఆ రోజే పోతుందని నాకేం తెలుసు? ఒట్టు, తెలీదు!”

“ఆట సమమని ముందే తెలుసు కదా?”

“అది వేరు...”

“తెలుసా, లేదా?”

“తెలుసు. కానీ నిన్ను కాదని దెనిస్‌ని నిలబెడితే జనం అనుమానించేవాళ్ళు. గోల్‌లో నువ్వుంటే ఎవడూ నోరెత్తడు. అందుకని...”

“దిష్టిబొమ్మలా నిలబెట్టావు.”

“అలా అనకు.”

“ఒక్క బంతి నా దాకా రాలేదు. మావాళ్ళు ఎంత బాగా కాస్తున్నారో అని మురిసిపోయాను. అక్కడ ఆస్పత్రిలో అది నన్ను అడుగుతూ పోయింది.”

“తర్వాత మాట్లాడుకుందాం, నీ కాళ్ళు పట్టుకుంటాను. ముందు పద. కార్నర్ సంగతి... మాటిచ్చావు కదా?”

“మిరెల్లాకీ ఇచ్చాను, ఇప్పుడే వచ్చేస్తానని. ఆ మాట నువ్వు తప్పించావు. ఈ మాట నేను తప్పుతాను.”